దసరా రద్దీకి ముందే: చీరల కౌంటర్లో నిలబడే పిల్లలకు కొన్ని జాగ్రత్తలు

మహాలయ అమావాస్య దాటిందంటే ఒడిశాలోని మా బరంపురం గిరి రోడ్డులో నడవడానికి జాగా ఉండదు. ఇచ్ఛాపురం, సోంపేట నుంచి వచ్చే తెలుగువాళ్లు, మోహన వైపు నుంచి వచ్చే కొండ పల్లెల జనం, సూరత్ మగ్గాల నుంచి సెలవు మీద ఇంటికొచ్చిన గంజాం కుర్రాళ్లు, అందరూ ఆ పది రోజుల్లోనే కొట్ల మీద పడతారు. ఆ పది రోజుల కోసమే కొట్లలో కొత్త పిల్లల్ని పెట్టుకుంటారు. ఇంటరో డిగ్రీయో చదువుకుంటూ చేతి ఖర్చుల కోసం వచ్చే పిల్లలు. చీర మడత పెట్టడం వాళ్లకు ఒక్క పూటలో నేర్పేస్తాం. కోపంతో వచ్చిన మనిషి ఎదుట ఎలా నిలబడాలో మాత్రం ఎవరూ నేర్పరు. నేను ఈ ఊళ్లో 17 ఏళ్లుగా చీరల కౌంటర్లో ఉన్నాను. మొదటి దసరాకి రోజూ ఇంటికెళ్లి ఏడ్చేదాన్ని. ఇది ఆ పిల్లల కోసం, వాళ్లను పనిలో పెట్టుకునే యజమానుల కోసం రాస్తున్నాను.

నేను చూసిన గొడవల్లో ఎక్కువ భాగం మనం ముందు చెప్పకుండా దాటేసిన మాట దగ్గర పుట్టినవే. గొడవ పెట్టుకుందామనే ఇంటి దగ్గర బయల్దేరే కస్టమరు ఎక్కడో ఒకరుంటారు. మిగతావాళ్లు నెలల తరబడి కూడబెట్టిన డబ్బు ఒక్క సాయంత్రం ఖర్చు పెట్టి, ఇంటికెళ్లాక మోసపోయామేమోనని భయపడి తిరిగి వస్తారు. ఆ భయమే మనకు కోపంలా కనిపిస్తుంది. అందుకే జాగ్రత్తలన్నీ పండక్కి ముందు వారమే మొదలుపెట్టాలి. కౌంటర్ మీద చెయ్యి చరిచాక మొదలుపెడితే ఆలస్యమైపోతుంది.

అన్నిటికంటే ముందు ‘పట్టు’ అనే మాట. మెరిసే ప్రతి చీరనీ పట్టు అని చూపించడం మన కొట్లలో అలవాటైపోయింది. నా రెండో దసరాకి నేను పనిచేసిన కొట్లో అలాగే చెప్పమన్నారు, అలాగే చెప్పాను. సోంపేట నుంచి వచ్చిన ఒక పెద్దావిడ కూతురి సారె కోసం చీర తీసుకుంది. “పట్టేనా అమ్మా?” అని రెండుసార్లు అడిగింది. “పట్టేనండీ” అన్నాను. మూడో రోజు తిరిగొచ్చింది. అరవలేదు. చీర కౌంటర్ మీద పెట్టి, కొంగు ముడి విప్పి చిన్న కాగితం పొట్లం తీసింది. అందులో కాల్చిన పోగు ఒకటి, చివర నల్లగా, గట్టిగా ఆవగింజంత ఉండ కట్టి ఉంది. అసలు పట్టు పోగు కాలిస్తే వెంట్రుక కాలిన వాసన వస్తుంది, బూడిద వేళ్ల మధ్య పొడైపోతుంది. పాలిస్టర్ కరిగి ఉండ కడుతుంది. ఆవిడకు అది తెలుసు. “ఏటమ్మా, నా ముఖం చూసి ఇది చాలనుకున్నావా?” అంది. నా దగ్గర జవాబు లేదు. యజమాని వచ్చి ఆవిడ మీదే అరిచాడు. చుట్టూ ఉన్న జనం ఆవిడ పక్షాన నిలబడ్డారు, న్యాయంగానే. చివరికి చీర వెనక్కి తీసుకుని ఆ డబ్బు నా జీతంలో కోశారు. కోసిన డబ్బు మర్చిపోయాను గానీ ఆ పొట్లం విప్పిన వేళ్లు ఇప్పటికీ కళ్ల ముందే ఉన్నాయి.

కాబట్టి కొత్తగా వచ్చిన పిల్లలు మొదటి రోజే ఏ ర్యాకులో ఏముందో అడిగి తెలుసుకోండి. ఆర్ట్ సిల్క్ అంటే ఆర్టిఫిషియల్ సిల్క్, అసలు పట్టు కాదు. దాన్ని ఆర్ట్ సిల్క్ అనే చెప్పండి, రేటు తక్కువకు ఎందుకొస్తోందో కూడా చెప్పండి. అసలు పట్టు చీర అయితే, అది పట్టేనని ధ్రువీకరించే సిల్క్ మార్క్ ట్యాగు ఉంటే హోలోగ్రాం చూపించండి. మన బరంపురం పట్టుకు భౌగోళిక గుర్తింపు ఉంది. కానీ దాని గుర్తుగా కనిపించే ఫొడా కుంభ అంచు ఉన్న ప్రతిదీ ఇక్కడ నేసినది కాదు, ఆ అంచును మరమగ్గం మీద దించినవీ వస్తుంటాయి. మీకు తెలియకపోతే “సీనియర్ని పిలుస్తానండీ” అనండి. ఆ మాట అన్నందుకు ఏ కస్టమరూ నా మీద కోప్పడలేదు.

తర్వాత బిల్లు. “అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు” అని బిల్లు కింద అచ్చు వేయించి, దాన్ని వేలితో చూపిస్తే గొడవ ఆగిపోతుందని చాలామంది యజమానుల నమ్మకం. ఆగదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం లోపం ఉన్న సరుకును బిల్లులో రాసిన గడువులోపు, గడువు రాయకపోతే 30 రోజుల్లోపు, వెనక్కి తీసుకుని డబ్బివ్వడానికి నిరాకరించడం అన్యాయ వాణిజ్య పద్ధతి కిందికి వస్తుంది. బిల్లు ఇవ్వకపోవడం కూడా అంతే. ఇప్పుడు కాలేజీ పిల్లలకు కూడా 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు తెలుసు. అయితే రంగు నచ్చలేదనో, అత్తగారు వద్దన్నారనో తెచ్చేవాటికి ఈ నిబంధన వర్తించదు. అవి కొట్టు మర్యాద మీద ఆధారపడ్డ విషయాలు. అందుకే ఎన్ని రోజుల్లో మారుస్తారు, ఫాల్ కుట్టాక మారుస్తారా, జాకెట్టు ముక్క కోశాక మారుస్తారా అన్నది తెలుగులోనూ ఒడియాలోనూ పెద్ద అక్షరాలతో గల్లాపెట్టె దగ్గర రాసి పెట్టించుకోండి. బిల్లు చేతికిస్తూ నోటితో కూడా చెప్పండి. చదవడం రానివాళ్లకు ఆ బోర్డు లేనట్టే.

ట్యాగుల మీద ఈమధ్య కొత్త తగువు ఒకటి వచ్చింది. 2025 సెప్టెంబర్ 22 నుంచి కుట్టిన బట్టలకు 2,500 రూపాయల దాకా జీఎస్టీ 5 శాతం, ఆ పైన 18 శాతం అయింది. చీర కుట్టని బట్ట కాబట్టి ఎంత ఖరీదైనా 5 శాతమే. ఒకే కుటుంబం ఒకే బిల్లులో పట్టు చీర, కూతురికి మూడు వేల లెహంగా తీసుకుంటే ఒకదానికి 5, ఇంకోదానికి 18 కనిపిస్తుంది. “చీరకు లేని పన్ను దీనికెందుకు?” అని నిలదీస్తారు. లెక్క తెలియక తడబడ్డారా, దొంగలెక్క అనుకుంటారు. కుట్టిన బట్టకు ఎంత, చీరకు ఎంత అని పైన చెప్పిన ఆ రెండు లెక్కలూ బట్టీ పట్టేసుకోండి.

ఇక మాట తీరు. మన ప్రాంతంలో గొడవలు పెరగడానికి ఇది ఎంత పెద్ద కారణమో బయటివాళ్లకు తెలియదు. తెలుగిళ్లలో పెరిగి వీధిలో ఒడియా నేర్చుకున్న పిల్లలు స్నేహితులతో ‘తుమే’ అంటూ మాట్లాడతారు. అదే నోటితో పెద్దవాళ్లను కూడా ‘తుమే’ అనేస్తారు, ‘దేఖ’ అనేస్తారు. ‘ఆపణ’ (మీరు), ‘దేఖంతు’ (చూడండి) అనాలి. మనల్ని ఒక కుర్రాడు “నువ్వు చూడు” అంటే ఎలా ఉంటుందో వాళ్లకూ అలాగే ఉంటుంది. చీర రంగు మీద మొదలైన మాట అక్కడి నుంచి మర్యాద మీదకు, ఆ తర్వాత భాష మీదకు వెళ్లిపోతుంది. అక్కడికి వెళ్లాక చీర ఉచితంగా ఇచ్చినా సర్దుకోదు. మాట చివర మన ‘అండీ’ లాంటి ‘ఆజ్ఞా’ చేర్చండి. మగవాళ్లను ‘భాయినా’, ఆడవాళ్లను ‘అపా’ అనండి, పెద్దవాళ్లయితే ‘మావుసీ’. కోపంగా వచ్చినవాళ్లతో మొదటి మాట “టికే బసంతు, ఆజ్ఞా” (కాస్త కూర్చోండి) అయితే సగం వేడి స్టూలు మీదే దిగిపోతుంది.

కొండల నుంచి వచ్చే సవర ఆడవాళ్లు అరవరు. ధర విని లేచి వెళ్లిపోతారు, అంతే. దొంగతనం చేస్తారేమోనని వాళ్ల వెనకే ఒక కుర్రాడిని నడిపించడం, చీర ముట్టుకోగానే “ముట్టుకోకు” అనడం నేను చాలా కొట్లలో చూశాను. ఇది నాకు చాలా బాధ కలిగించే విషయం. వాళ్లను ‘తూ’ అని ఏకవచనంలో పిలవొద్దు. అందరికీ విప్పినట్టే వాళ్లకూ మడత విప్పి చూపించండి. ఒక ఆదివాసీ మనిషిని పదిమందిలో కులం పేరుతో కించపరచడం 1989 ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద నేరమని కూడా పిల్లలకు చెప్పి తీరాలి.

సూరత్ కుర్రాళ్ల సంగతి వేరు. “ఇదే చీర అక్కడ సగం ధరకే వస్తుంది” అంటారు. వాళ్లలో చాలామంది ఆ బట్టను తమ చేతులతో నేసినవాళ్లే, నిజమే చెబుతున్నారు. వాళ్లతో వాదించొద్దు. “మీకు తెలిసినంత మాకు తెలియదు, భాయినా. అక్కడి నుంచి లారీలో ఇక్కడికొచ్చేసరికి మాకు పడే ధర ఇది” అని ఉన్నది చెప్పండి. పనితనాన్ని గుర్తించినవాళ్లతో ఎవరూ ఎక్కువసేపు పోట్లాడరు.

డబ్బు దగ్గర రెండు మూడు జాగ్రత్తలు చాలు. ఫోన్లో చూపించే స్క్రీన్‌షాట్‌ను నమ్మొద్దు, సౌండ్‌బాక్స్ పలకాలి లేదా కొట్టు ఖాతాలో కనిపించాలి. సాయంత్రం రద్దీలో నెట్‌వర్క్ ఆడదు. కస్టమరు ఖాతాలో డబ్బు పోయి మనకు రాకపోతే ఇద్దరిదీ తప్పు కాదు. దుకాణం చెల్లింపుల్లో అలా ఇరుక్కున్న డబ్బు ఐదు రోజుల్లోపు తిరిగి జమ కావాలని రిజర్వ్ బ్యాంకు నియమం. 12 అంకెల రిఫరెన్స్ నంబరు రాసుకుని ఆ మాట చెప్పండి, చీర పక్కన పెట్టి ఉంచండి. పది రూపాయల నాణెం ఇస్తే తీసుకోండి. అన్ని డిజైన్లూ చెల్లుతాయని రిజర్వ్ బ్యాంకు ఎన్నోసార్లు చెప్పింది. పది రూపాయల కోసం లైను ఆగిపోతే వెనక ఇరవై మంది విసుగు మీ మీద పడుతుంది. ప్రతి పొద్దునా గోడ మీది క్యూఆర్ స్టిక్కరు మనదేనా అని ఒకసారి స్కాన్ చేసి చూడండి, దాని మీద ఇంకోటి అంటించేవాళ్లున్నారు.

ఇన్ని చేసినా గొడవ వచ్చిందనుకోండి. మొదట కత్తెర సొరుగులో వేసేయండి. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది, కానీ కాదు. తర్వాత ఆ మనిషిని జనం మధ్య నుంచి పక్కకు తీసుకెళ్లండి. పదిమంది చూస్తుంటే ఎవరికైనా వెనక్కి తగ్గడం నామోషీ. పక్కన స్టూలు వేసి మంచినీళ్లిస్తే తగ్గడానికి దారి దొరుకుతుంది. తలుపుకు అడ్డంగా నిలబడొద్దు. “కోప్పడకండి” అనొద్దు, ఆ మాటకు కోపం ఇంకా పెరుగుతుంది. మొత్తం చెప్పనివ్వండి, మధ్యలో అందుకోవద్దు. వాళ్లు చెప్పింది మీ మాటల్లో ఒకసారి తిరిగి చెప్పండి: “అంటే మొదటి ఉతుక్కే అంచు రంగు కొంగులోకి దిగింది, అంతేనా అమ్మా?” అవునన్నాక ఏం చేయగలరో చెప్పండి. మీ చేతిలో లేనిది మాటివ్వొద్దు. ఫోన్ తీసి వీడియో తీస్తే తీయనివ్వండి, ఫోన్ మీద చెయ్యి మాత్రం వేయొద్దు.

దొంగతనం అనుమానం వస్తే సంచి లాక్కోవడం, ఒళ్లు తడమడం, లోపలి గదిలోకి తీసుకెళ్లి తలుపు వేయడం అస్సలు వద్దు. మనిషిని అలా నిర్బంధించడమే నేరం. కెమెరాలో ఏముందో యజమాని చూడాలి, అవసరమైతే పోలీసుల కోసం 112కు ఫోన్ చేయాలి.

ఆడపిల్లలకు ప్రత్యేకంగా ఒక మాట. చీర భుజాన వేసి చూపించమని అడగడం మామూలే. అదే మనిషి మళ్లీ మళ్లీ అడుగుతూ చీరను చూడకుండా మిమ్మల్నే చూస్తుంటే, చీర ఇస్తూ చెయ్యి పట్టుకుంటే, ‘కస్టమర్ దేవుడు’ అని సహించొద్దు. మా కౌంటర్లో ఒక గుర్తు మాట ఉంది. ఎవరైనా “గోడౌన్ తాళాలు ఎవరి దగ్గరున్నాయి?” అని గట్టిగా అడిగితే, పక్కనున్న అన్న వచ్చి ఆ కస్టమరును తను చూసుకుంటాడు, అమ్మాయి లోపలికి వెళ్లిపోతుంది. మీ కొట్లో కూడా ఒకటి పెట్టుకోండి. పనిచేసే చోటికి వచ్చే బయటివాళ్ల నుంచి కూడా రక్షణ కల్పించడం యజమాని బాధ్యతేనని 2013 లైంగిక వేధింపుల నిరోధక చట్టంలో స్పష్టంగా ఉంది. పదిమంది కంటే తక్కువ పనిచేసే కొట్టయితే జిల్లా స్థానిక కమిటీకి ఫిర్యాదు చేయొచ్చు. వెంటనే సాయం కావాలంటే 112, మహిళల హెల్ప్‌లైన్ 181 ఉన్నాయి.

యజమానులకు రెండు విషయాలు. కస్టమరు ఎదుట మీ పిల్లల్ని తిట్టకండి. అలా తిడితే కస్టమరు శాంతించడు, తన కోపం సరైనదేనన్న రుజువు దొరికినట్టవుతుంది. అలాగే తిరిగొచ్చిన సరుకు ధర జీతంలో కోసేయకండి. పనివాళ్ల నిర్లక్ష్యం వల్లే నష్టం జరిగిందని తేలాలి, వాళ్లకు సంజాయిషీ చెప్పుకునే అవకాశం ఇవ్వాలి. అప్పుడే చట్టం కోతకు ఒప్పుకుంటుంది. నాకు ఆ అవకాశం ఎవరూ ఇవ్వలేదు. ఇంకోటి, స్టూళ్లు వేయించండి. పన్నెండు గంటలు నిలబడ్డ కాళ్లతో రాత్రి తొమ్మిదికి ఎవరూ మెత్తగా మాట్లాడలేరు. కొట్లలో పనివాళ్లకు కూర్చునే హక్కును కేరళ 2018లో, తమిళనాడు 2021లో చట్టంలోనే పెట్టాయి. మనం చట్టం చెప్పేదాకా ఆగక్కర్లేదు. తిట్లు తిన్న పిల్లను పది నిమిషాలు లోపల కూర్చోబెట్టి టీ ఇచ్చాకే మళ్లీ కౌంటర్‌కి పంపండి.

కొట్టు కట్టేశాక ఆ రోజు జరిగిన ప్రతి గొడవనీ ఒక్కో వరసలో నోటు పుస్తకంలో రాస్తాం మేము. కస్టమరు పేరు రాయం, కారణం ఒక్కటే రాస్తాం. మొన్న పాత పుస్తకం తీసి చూస్తే అన్నిటికంటే ఎక్కువసార్లు కనిపించింది ఒకటే: “ట్యూబ్‌లైట్ కింద నీలం, బయట ఊదా.” అందుకే ఈ ఏడాది గుమ్మం పక్కన, వెలుతురు పడే చోట ఒక బల్ల వేయించాం. బిల్లు రాయకముందే ప్రతి చీరనీ అక్కడ ఒకసారి విప్పి చూపిస్తాం. చీకటి పడ్డాక వచ్చినవాళ్లకు మాత్రం “రేపు పగలు చూసుకుని నచ్చకపోతే మడత చెడకుండా తెచ్చేయండి” అని చెప్పి, ఆ మాటే బిల్లు మీద పెన్నుతో రాసి ఇస్తాం.