వేలాడే మట్టి చేపలు – 4వ పాఠం: తూకం, తంగూసు, ముడి

కాల్చిన చేపలన్నీ ముందు పెట్టుకున్నారు కదా. ఒక్కోదాన్ని రెండు వేళ్లతో పట్టుకుని, కుండ కొనేటప్పుడు చూసినట్టే, గోటితో తట్టండి. ఖంగుమంటే మంచిది. మొద్దుగా పలికితే లోపల బీట ఉన్నట్టే. ఎంత ముద్దొచ్చినా దాన్ని పక్కన పెట్టేయండి. మనుషుల తలల మీద వేలాడే వస్తువు ఇది, ఇక్కడ మొహమాటం పనికిరాదు.

తర్వాత రంధ్రాలు. వాటి అంచు గరుకుగా ఉంటే తంగూసును, అంటే గాలానికి వాడే నైలాన్ దారాన్ని, మెల్లగా కోసేస్తుంది. సన్నని పుల్లకు వాటర్ పేపర్ (తడిపి రుద్దే గరుకు కాగితం) చుట్టి, తడిపి, లోపల తిప్పండి. పొడిగా రుద్దితే లేచే దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదు.

ఇక తూకం. చేప సగటున 25 గ్రాములనుకుంటే 120 చేపలు 3 కిలోలు. దీనికి, దారాలన్నీ కట్టే పైనున్న ప్లైవుడ్ పలక బరువు కలపండి. మొత్తాన్ని స్లాబులోని ఫ్యాన్ హుక్కుకే తగిలించాలి, ఫాల్స్ సీలింగ్‌కు వద్దే వద్దు. మొత్తం బరువుకు రెట్టింపున్న ఇసుక సంచీని ముందు ఒక రాత్రంతా ఆ హుక్కుకు వేలాడదీసి చూడండి.

విశాఖలో ఉన్నవాళ్లకు దారం ఎంపికే అసలు పరీక్ష. మామూలు ఇనప తీగ ఉప్పుగాలికి ఎంతో కాలం ఆగదు, బీచ్ రోడ్డు వైపు ఇళ్ల కిటికీ ఊచలు చూస్తే మీకే తెలుస్తుంది. ఇంటి లోపలికైతే వలల సామాన్లమ్మే షాపులో దొరికే తంగూసు చాలు. తుప్పు పట్టదు, దూరం నుంచి కనబడదు, చేపలు గాల్లో ఈదుతున్నట్టే ఉంటాయి. కానీ నైలాన్ ఎండకు పెళుసెక్కుతుంది. బాల్కనీలో పెట్టాలంటే 316 గ్రేడు స్టెయిన్‌లెస్ స్టీల్ తీగ కొనండి. అందులో కలిసే మాలిబ్డినం అనే లోహం వల్ల మామూలుగా దొరికే 304 గ్రేడు స్టీల్ కన్నా ఉప్పుకు బాగా తట్టుకుంటుంది.

తంగూసు జారుడు సరుకు, మామూలు ముడి నిలవదు. గాలానికి వేసే ముడే దీనికీ వేయాలి. కొసను రంధ్రంలోంచి తీసి, అసలు దారం చుట్టూ అయిదు చుట్లు తిప్పండి. చేప పక్కనే ఏర్పడిన చిన్న సందులోంచి కొసను దూర్చి, ముడిని తడిపి, నిదానంగా లాగండి. తడపకపోతే రాపిడి వేడికి నైలాన్ దెబ్బతింటుంది. నా మాట విని ఈ ముడిని ఊరికే ఒక దారం మీద చేతికి అలవాటయ్యేదాకా వేయండి. అందం సంగతి తర్వాత, ముందు ఇది రావాలి.

ప్రతి సరాన్నీ, అంటే ఒక దారానికి వేలాడే చేపల వరుసను, అడుగు చేపతో మొదలుపెట్టి పైకి కట్టుకుంటూ రండి. పక్క సరాల చేపలు ఒకే ఎత్తులో ఎదురుపడకూడదు. సాయంత్రం గాలి లేచినప్పుడు ఒకదానికొకటి తగిలి రెక్కలు విరుగుతాయి.

పలక ఒరిగితే చేపలు తీయక్కర్లేదు, సరం జరిపితే చాలు. మధ్య నుంచి 10 సెంటీమీటర్ల దూరంలో 60 గ్రాముల సరం ఉంటే, సరిగ్గా ఎదురు వైపు 20 సెంటీమీటర్ల దగ్గర 30 గ్రాములదైనా దానికి సరిపోతుంది.

వచ్చే పాఠానికి ప్రతి సరం బరువూ కాగితం మీద రాసి ఉంచుకోండి. ఏ సరం ఎక్కడ వేలాడాలో దాన్ని బట్టి తేల్చుకుని, లైటు ఎటు నుంచి పడాలో చూద్దాం.