పీఎంఈజీపీ లోన్‌కి దరఖాస్తు పెట్టే ముందు

ఊళ్లో పిండిమరో, విస్తరాకుల యూనిట్టో పెట్టాలనుకునేవాళ్లకు బ్యాంకు లోన్‌తో పాటు సబ్సిడీ ఇచ్చే ఈ కేంద్ర పథకం, పీఎంఈజీపీ (ప్రధానమంత్రి ఉపాధి కల్పన కార్యక్రమం), నిజంగా పనికొస్తుంది. కానీ ముందు ఇవి చూసుకోండి.

• దరఖాస్తులు ఇప్పుడు తీసుకుంటున్నారా అని జిల్లా పరిశ్రమల కేంద్రంలో అడగండి.

• మొదటిసారి లోన్‌కి యూనిట్ కొత్తదై ఉండాలి. నడుస్తున్నదానికి రాదు. కుటుంబంలో ఒక్కరికే ఇస్తారు.

• సబ్సిడీ చేతికిచ్చే డబ్బు కాదు. చాలామంది ఇక్కడే పొరబడి, తర్వాత టెన్షన్ పడతారు. బ్యాంకు ముందు లోన్ ఇస్తుంది. సబ్సిడీ మూడేళ్లు డిపాజిట్‌గా ఉంటుంది. యూనిట్ నడుస్తోందని తనిఖీలో తేలాకే దాన్ని అప్పుకి జమ చేస్తారు. ఆ డిపాజిట్‌కి వడ్డీ రాదు, అంత మేరకు అప్పు మీద కూడా వడ్డీ వేయకూడదు. బ్యాంకు స్టేట్‌మెంట్‌లో ఈ సంగతి తప్పకుండా సరిచూసుకోండి.

• పల్లెల్లో జనరల్ వర్గానికి సబ్సిడీ ప్రాజెక్టు ఖర్చులో 25 శాతం. మహిళలు, ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీలు, మాజీ సైనికులు, దివ్యాంగులకు 35 శాతం. సొంత వాటా జనరల్‌కి 10, మిగతావారికి 5 శాతం. ఆ వాటాని దయచేసి బయట వడ్డీకి తేవద్దు. మొదటి నెల నుంచే రెండు అప్పులు మెడకు పడతాయి.

• ప్రాజెక్టు రిపోర్టులో స్థలం ఖరీదు చూపకూడదు. మెషిన్ల కొటేషన్లు మీరే వెళ్లి తెచ్చుకోండి.

• తయారీకి 10 లక్షలు, సేవలకు 5 లక్షలు దాటిన ప్రాజెక్టుకి ఎనిమిదో తరగతి పాసై ఉండాలి.

• ఆన్‌లైన్ దరఖాస్తుకి ఫీజు లేదు. "మంజూరు చేయిస్తా" అంటూ కమిషన్ అడిగేవాళ్లకి ఆధార్, ఓటీపీ, ఖాళీ చెక్కు ఏవీ ఇవ్వకండి.