వియత్నాంలో ఊరివాళ్ల ఇంట్లో దిగి తక్కువ ఖర్చులో చూసి రావడం ఎలా?

బెంగళూరు మారతహళ్లి పీజీలో త్రీ షేరింగ్‌లో రెండేళ్లు ఉన్నవాళ్లకి, వియత్నాం పల్లెలో నేల మీద పరుపు వేసుకుని పడుకోవడం ఒక లెక్కా? కాకపోతే పీజీలో మనం అద్దె కట్టే మనుషులం, అక్కడ ఒకరింటికి వెళ్లిన చుట్టాలం. ఆ తేడా మొదట్లో నాకూ నా రూమ్మేటుకీ తెలియలేదు. వెళ్లొచ్చాక ఆఫీసులో అందరూ అడుగుతుంటే ఒక్కొక్కరికి చెప్పలేక ఇలా వరసగా రాసేస్తున్నా.

ముందు ఎలాంటి ఇల్లు కావాలో తేల్చుకోండి

ఉచితంగా ఉండనిచ్చే వాళ్లని కలిపే కౌచ్‌సర్ఫింగ్ సైటు 2004 నుంచి ఉంది, 2020 నుంచి మాత్రం చాలా దేశాల వాళ్లు సభ్యత్వానికి డబ్బు కట్టాలి. వియత్నాంలో ఇంకో చిక్కు కూడా ఉంది. విదేశీయులు ఎవరింట్లో రాత్రి ఉన్నా ఆ ఇంటివాళ్లు వాళ్ల వివరాలు స్థానిక పోలీసులకి తెలపాలి. హోంస్టే నడిపేవాళ్లకి ఇది రోజూ ఉండే పనే, మామూలు కుటుంబానికి మాత్రం తలనొప్పి. అందుకే మొదటిసారి వెళ్లేవాళ్లు డబ్బు తీసుకునే హోంస్టేనే చూసుకోండి. బోర్డు పెట్టిన ప్రతిదీ ఇల్లు కాదు, కొన్ని ఉత్త లాడ్జీలే. ఇంటివాళ్లతో కలిసి తిన్నామని ఎవరైనా రివ్యూలో రాశారేమో వెతకండి, అదే గుర్తు.

మేము వెళ్లింది మాయ్ చావ్. హనోయ్ నుంచి బస్సులో నాలుగు గంటల దూరం, వరి పొలాల మధ్య తెల్ల థాయ్ తెగ వాళ్ల ఊళ్లు. స్తంభాల మీద ఎత్తుగా కట్టిన చెక్క ఇళ్లు, పైన పెద్ద హాల్లో వరసగా పరుపులు, దోమతెరలు. చెప్పులు కిందే విడిచి ఎక్కాలి, అది మనకి ఎవరూ నేర్పక్కర్లేదు.

వీసా, టికెట్

ప్రభుత్వ సైటులోనే ఈ-వీసా పెట్టుకోండి. ఒక్కసారి వెళ్లిరావడానికి 25 డాలర్లు, 2023 ఆగస్టు నుంచి 90 రోజుల వరకు ఇస్తున్నారు. గొడవంతా మన ఇంటిపేర్లతోనే. ఆధార్‌లో ఎలా ఉన్నా సరే, పాస్‌పోర్టు పేజీ అడుగున ఉండే రెండు లైన్లలో పేరు ఏ వరసలో ఉందో చూసి అచ్చం అలాగే నింపండి. మావాడు ఇంటిపేరు బదులు ఒక్క అక్షరం కొట్టాడు, ఇంకో 25 డాలర్లు కట్టి మళ్లీ మొదటినుంచి పెట్టాడు.

చాంద్రమాన కొత్త సంవత్సరం, అంటే తెత్ పండగ రోజుల్లో వెళ్లకండి. జనవరి చివర్లోనో ఫిబ్రవరిలోనో వస్తుంది. సంక్రాంతికి మడివాళ నుంచి విజయవాడ బస్సు దొరకబుచ్చుకున్నవాళ్లకి ఇంతకంటే వివరించక్కర్లేదు.

సామాను

చౌక విమానాల్లో చాలావాటికి చేతి సామాను 7 కిలోలే. ఆవకాయ చేతి బ్యాగులో పెడితే సెక్యూరిటీలో ఆపేస్తారు, అమ్మ పంపిందని బతిమాలినా లాభం లేదు. కంది పొడి, కరివేపాకు కారం పట్టుకెళ్లండి. ఇంటివాళ్ల పిల్లలకి రెండు చన్నపట్న బొమ్మలు పెట్టుకోండి, బరువుండవు. మెజస్టిక్ నుంచి ఎయిర్‌పోర్టుకి కేఐఏ-9 బస్సెక్కితే క్యాబ్ ఖర్చూ తప్పుతుంది.

వెళ్లకముందే అడగాల్సినవి

మెసేజులకి అక్కడ ఎక్కువమంది వాడేది జాలో యాప్. ఎన్ని రాత్రులు, ఏ బస్సుకి వస్తారు, ధర మనిషికా పరుపుకా, అందులో రాత్రి భోజనం ఉందా లేదా, ఇవన్నీ ముందే రాసి అడగండి. తెలుగువాళ్లకి అలవాటైన ‘అక్కడికెళ్లాక చూసుకుందాంలే’ ఇక్కడ పనికిరాదు, ఎందుకంటే మీ కోసం వాళ్లు పొద్దున్నే బజారుకెళ్లి కూరలు తెచ్చుకుంటారు.

తిండి

శాకాహారులకి అసలు పరీక్ష ఇదే. మాంసం వద్దంటే ముక్కలు వేయరు కానీ చేప సాసు వేస్తారు, వాళ్లకి అది ఉప్పులాంటిది. ‘అన్ చాయ్’ అంటే శాకాహారం తినడం, దీనికి టీతో సంబంధం లేదు. ఒకే అక్షరాన్ని పలికే తీరు మారితే అర్థం మారిపోయే భాష కాబట్టి నోటితో చెప్పి సరిపెట్టుకోకుండా, ‘శాకాహారం, చేప సాసు కూడా వద్దు’ అని వాళ్ల భాషలో ఫోన్లో రాసుకుని చూపించండి. అక్కడి బౌద్ధుల్లో చాలామంది చాంద్రమాన నెలలో 1, 15 తేదీల్లో మాంసం మానేస్తారు, ఇంచుమించు మన అమావాస్య, పున్నమి. ఆ రోజుల్లో పట్నాల్లో శాకాహారం తేలిగ్గా దొరుకుతుంది, నేనైతే క్యాలెండర్ చూసి హనోయ్‌లో ఆగే రోజు పెట్టుకున్నా.

పెద్దవాళ్లని తినమని చెప్పాకే మీరు మొదలుపెట్టండి. తినే పుల్లలు (చాప్‌స్టిక్స్) అన్నంలో నిలువుగా గుచ్చకండి, అది వాళ్లకి చనిపోయినవాళ్ల ముందు వెలిగించే అగరొత్తుల్లా కనిపిస్తుంది. బియ్యంతో కాచిన సారా పోస్తారు. తాగనివాళ్లు మొదటి కప్పుకే వద్దనండి, ఒకటి తాగి ఆపడం మహా కష్టం. వాళ్ల పూర్వీకుల పీఠం దగ్గర బ్యాగులు పెట్టకండి.

డబ్బు

రూపాయికి సుమారు 300 డాంగ్‌లు వస్తాయి, లక్షలు చూసి కంగారు పడొద్దు. 20,000 నోటూ 5,00,000 నోటూ రెండూ నీలంగానే ఉంటాయి, చీకట్లో బస్సువాడికి ఇచ్చేటప్పుడు సున్నాలు లెక్కపెట్టుకోండి. పల్లెల్లో కార్డులు నమ్ముకోకుండా నగదు దగ్గర పెట్టుకోండి.

రెండు రాత్రులు చాలు, మూడోది వాళ్లు అడిగితే ఉండండి. మీరు తీసుకున్న నీళ్ల సీసాలు, బీర్లు ఒక నోటు పుస్తకంలో రాస్తుంటారు, వెళ్లే ముందు రాత్రే కూర్చుని లెక్క తేల్చుకోండి. పొద్దున బస్సువాడు హారన్ కొడుతుంటే చిల్లర కోసం ఇంటి ఆవిడ పక్కింటికి పరిగెత్తాల్సి వస్తుంది, మా వల్ల పాపం ఆవిడ పరిగెత్తింది.