సొంతంగా కట్టిన విమానం తొలిసారి ఎగిరే రోజు: పాలమూరు, నల్లగొండ ప్రాంతాల వారికి

షెడ్డులో ఏళ్ల తరబడి కట్టిన విమానం మొదటిసారి నేల విడవడం అరగంట పని. ఆ అరగంటలో తెలియని విషయాలు ఎంత తక్కువగా మిగిలితే అంత మంచిది కాబట్టి, ఈ వ్యాసంలో ఎక్కువ భాగం ఎగరడానికి ముందు చేయవలసిన పనుల గురించే ఉంటుంది.

కాగితాల సంగతి ముందుగా చూసుకోవాలి. మన దేశంలో పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ రిజిస్ట్రేషన్, ఎగిరే అనుమతి లేకుండా విమానాన్ని గాలిలోకి లేపకూడదు. ముంబైలో ఇంటి మేడపై విమానం నిర్మించిన కెప్టెన్ అమోల్ యాదవ్‌కు రిజిస్ట్రేషన్ 2017లో వస్తే, ఎగిరే అనుమతి 2019లో వచ్చింది. మహబూబ్‌నగర్ జిల్లాకు ఉత్తరాన శంషాబాద్ విమానాశ్రయం ఉంది. నాగార్జునసాగర్ వైపు శిక్షణ విమానాలు తిరుగుతుంటాయి. కనుక ఏ రోజు, ఏ వేళ, ఎంత ఎత్తు వరకు ఎగురుతారో ముందే అనుమతి పొంది ఉండాలి.

తరువాత తూకం. విమానాన్ని ఎగిరే భంగిమలో సమతలంగా నిలిపి, పైలట్‌ను సీట్లో కూర్చోబెట్టి, మూడు చక్రాల కింద మూడు తూకపు యంత్రాలు పెట్టాలి. ముక్కు చక్రం కొలత మొదలయ్యే గీత నుంచి 0.4 మీటర్ల దూరంలో ఉండి 70 కిలోలు, వెనుక చక్రాలు రెండూ 1.8 మీటర్ల దూరంలో ఉండి ఒక్కొక్కటి 160 కిలోలు చూపాయనుకుందాం. బరువును దూరంతో గుణించి కూడితే 604 వస్తుంది. దాన్ని మొత్తం బరువు 390తో భాగిస్తే గరిమనాభి, అంటే విమానం బరువంతా సమతూగే బిందువు, 1.55 మీటర్ల దగ్గర ఉందని తేలుతుంది. ఇది డిజైన్‌లో చెప్పిన హద్దుల మధ్యన ఉండాలి. హద్దు దాటి వెనక్కి పోతే ముక్కు పైకి లేచిన విమానాన్ని కిందికి దించడం ఎలివేటర్ (ముక్కును పైకి, కిందికి తిప్పే తోక పలక) తరం కాకపోవచ్చు.

ఇంధనం విషయంలో నాకు కొంత చాదస్తం ఉందని మిత్రులంటారు. ముక్కును గరిష్ఠంగా పైకి ఎక్కే కోణం కన్నా కాస్త ఎక్కువే ఎత్తి పెట్టి, కార్బురేటర్ దగ్గర గొట్టం విప్పి, నిమిషానికి ఎంత పెట్రోలు వస్తున్నదో కొలవాలి. పైనున్న ట్యాంకు నుంచి దానంతట అదే దిగే పద్ధతిలో, టేకాఫ్‌లో ఇంజిన్ తాగేదానికి ఒకటిన్నర రెట్లు రావాలి. పంపు ఉంటే 1.25 రెట్లు చాలు. ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోలులో 20 శాతం వరకు ఇథనాల్ ఉంటున్నది. చిన్న విమానాల్లో వాడే రోటాక్స్ 912 ఇంజిన్‌కు తయారీదారు అనుమతించింది 10 శాతమే. కనుక డబ్బా పట్టుకొని బంకుకు వెళ్లే ముందు మీ ఇంజిన్ పుస్తకం చదవండి.

కంట్రోళ్లను కట్టిన వ్యక్తే కాకుండా, ఆ విమానాన్ని అంతకు ముందు చూడని ఇంకొకరు తనిఖీ చేయాలి, ఎందుకంటే వంద సార్లు చూసిన తప్పు కట్టిన వాడి కంటికి తప్పుగా కనిపించదు. పైలట్ చేతిలోని స్టిక్‌ను ఎడమకు వంచితే ఎడమ రెక్క ఐలరాన్ (రెక్క వెనుక అంచున కదిలే పలక) పైకి లేవాలి. కేబుళ్లు తారుమారైతే అది కిందికి దిగుతుంది, ఆ సంగతి గాలిలో తెలిస్తే దిద్దుకునే వ్యవధి ఉండదు.

ఇక రోజు ఎంపిక. మహబూబ్‌నగర్ సముద్రమట్టానికి దాదాపు 500 మీటర్లు, అంటే 1,640 అడుగుల ఎత్తున ఉంది. మే నెల మధ్యాహ్నం 42 డిగ్రీల వేడిలో అక్కడి గాలి పలచబడి, విమానానికి అది 5,200 అడుగుల ఎత్తులో ఉన్నట్టే అనిపిస్తుంది. డిసెంబరు ఉదయం 16 డిగ్రీలుంటే అదే లెక్క 2,100 అడుగుల దగ్గర ఆగుతుంది. ఈ తేడా వల్ల నేలపై పరుగు దాదాపు మూడో వంతు పెరుగుతుందనుకొని రన్‌వే చూసుకోవాలి. నవంబరు నుంచి ఫిబ్రవరి మధ్యలో, పొగమంచు విడిచిన వెంటనే, గాలి లేవక ముందు ఎగరడమే నా సలహా.

ఇంజిన్ ఆగితే ఎక్కడ దిగాలో ముందే నడిచి చూసి రావాలి. యాసంగి నాట్లకు దమ్ము చేసిన పొలంలో చక్రం దిగబడి విమానం బోర్లా పడుతుంది. పంట కోసిన ఎర్ర చెల్క మేలు. రన్‌వే చివర తాటి చెట్లు, కరెంటు తీగలు, బండరాళ్ల గుట్టలు ఎక్కడున్నాయో కాగితం మీద గీసుకోండి. 500 అడుగుల లోపు ఇంజిన్ ఆగితే రన్‌వే వైపు వెనుదిరగకూడదు, ఎదురుగా ఉన్న చోటులోనే దిగాలి.

ఆ ఉదయం ఊరంతా జాతరకు వచ్చినట్టు వస్తుంది. కొబ్బరికాయ కొట్టడం, నిమ్మకాయలు తొక్కించడం షెడ్డు దగ్గరే ముగించండి, ఎందుకంటే చిప్ప ముక్క ఒక్కటి ఎగిరి ప్రొపెల్లర్‌కు తగిలినా చెక్క చీలవచ్చు. జనాన్ని రన్‌వేకు పక్కగా దూరంగా నిలిపి, మంట ఆర్పే సిలిండర్లతో ఇద్దరిని, బండి సిద్ధంగా ఉన్న ఒకరిని ఏర్పాటు చేయాలి.

విమానంలో పైలట్ ఒక్కరే ఉండాలి. కట్టే పనిలో పడి ఏళ్లుగా ఎగరని వారు ఆ సీటు అదే తరహా విమానం నడిపే వారికి అప్పగించడం మంచిది. నాకు ఇది రుచించదు గానీ, సబబు. ఫ్లాప్స్ (రెక్కల వెనుక కిందికి వంగే పలకలు) కదిలించకుండా నేరుగా ఎక్కి, ఫీల్డు మీదనే తిరుగుతూ నేల నుంచి 3,000 అడుగులకు చేరాలి. ఇంజిన్ ఆగినా జారుకుంటూ రన్‌వేకు రాగలిగినంత దూరంలోనే ఉండాలి. ఆయిల్ ఒత్తిడి, వేడి చూస్తూ పది నిమిషాలు గడిపాక, పవర్ తగ్గించి, స్టాల్ (వేగం తగ్గి రెక్కలు విమానాన్ని మోయలేకపోవడం) రాబోతున్న వణుకు ఏ వేగంలో మొదలవుతుందో వేగం చూపే మీటరు మీద చూసుకోవాలి. అది 38 నాట్లు (విమాన వేగపు కొలమానం) అయితే దిగేటప్పుడు 1.3 రెట్లు, అంటే 50 నాట్లు పట్టుకోవాలి. మీటరు కొంత తప్పు చూపినా, రెండు అంకెలూ అదే మీటరువి గనుక చాలావరకు సరిపోతుంది.

దిగాక రెండోసారి ఎగరమని అందరూ అడుగుతారు. ముందు కౌలింగ్ (ఇంజిన్ మీది మూత) విప్పి ఆయిల్ చెమ్మ, గొట్టాల రాపిడి, ఎగ్జాస్ట్ అతుకులు చూడండి. చెక్క ప్రొపెల్లర్ అయితే దాని బోల్టుల బిగుతు టార్క్ రెంచితో మళ్లీ కొలవాలి. మన చలికాలపు పొడి గాలికి చెక్క కుదించుకుపోతుంది, శ్రావణంలో బిగించిన బోల్టు మాఘం నాటికి వదులై కనిపిస్తుంది.