విశాఖ మిద్దెతోటలో క్యాబేజీ: లక్షణం చూసి కారణం పట్టుకోండి

క్యాబేజీ చలి పంట. గడ్డ బిగుసుకోవడానికి 15 నుంచి 20 డిగ్రీల వాతావరణం అనువైనది. విశాఖలో జనవరి పగళ్లు కూడా 28 డిగ్రీల దాకా వెళ్తాయి. అందుకే ఇక్కడ మొక్క ఏ పేచీ పెట్టినా, మందుల దుకాణానికి వెళ్లే ముందు విత్తిన తేదీ ఒకసారి చూసుకోవాలి.

విత్తనం మొలవలేదు

నాలుగైదు రోజుల్లో మొలక కనిపించాలి. వారం దాటినా జాడ లేకపోతే విత్తనం లోతుగా పడి ఉండవచ్చు. అర సెంటీమీటరు మట్టి కప్పితే చాలు. లేదా విత్తనమే చెడిపోయి ఉంటుంది. చల్లగా, పొడిగా దాస్తే మూడేళ్లు నిలిచే గింజ, సముద్రపు తేమ తగిలేలా విప్పి పెట్టిన పొట్లంలో అంతకాలం ఉండదు. పది గింజలను తడిగుడ్డలో చుట్టి చూడండి. సగం కూడా మొలవకపోతే కొత్త పొట్లం కొనడమే నయం.

నారు వాలిపోతోంది

కాడ పాలిపోయి, పొడవుగా సాగి వాలితే వెలుతురు చాలలేదని అర్థం. బాల్కనీ మూల నుంచి ఎండ తగిలే చోటికి మార్చండి. మట్టికి ఆనుకున్న చోట కాడ నీరుపట్టి, దారంలా నొక్కుకుపోయి పడిపోతే అది నారుకుళ్ళు. పడినవి బతకవు. వాటిని మట్టితో సహా తీసేసి, మిగిలిన వాటికి నీళ్లు తగ్గించి గాలి ఆడనివ్వండి. మళ్లీ విత్తేటప్పుడు పలుచగా చల్లి, మట్టిలో ట్రైకోడెర్మా అనే, కుళ్ళును అణచే మేలు శిలీంధ్రం పొడి కలపండి.

నారు పోసే కాలమే ఇక్కడ తుపానుల కాలం కూడా. 2014లో హుద్‌హుద్ వచ్చింది అక్టోబరు 12న. కాబట్టి నారును మడిలో కాకుండా ట్రేలో పెంచితే, వాన హెచ్చరిక రాగానే లోపలికి తెచ్చుకోవచ్చు.

ఆకు అంచులు మాడుతున్నాయి

సముద్రం వైపు ఆకులే మాడితే ఉప్పుగాలిని అనుమానించాలి. ఉదయం మంచినీళ్లతో ఆకులు కడిగి, ఆ వైపు వలకట్టు కట్టండి. కుండీ మట్టి మీద తెల్లటి పూత కనిపిస్తే బోరు నీటిలో ఉప్పు ఎక్కువై ఉండవచ్చు. అడుగు రంధ్రాల నుంచి కారేదాకా మంచినీళ్లు పోయండి.

అంచు నుంచి లోపలికి త్రికోణంలా పసుపు పారి, ఈనెలు నల్లబడితే మాత్రం నల్లకుళ్ళు తెగులు. దీనికి మందుతో కుదిరే పని లేదు. మొక్కను పీకి పారేయండి, కంపోస్టులో వేయకండి, ఆ మట్టిలో రెండేళ్లు క్యాబేజీ, ఆవాలు వంటి ఆవజాతి పంటలేవీ పెట్టకండి.

ఆకుల నిండా చిల్లులు

ఆకు అడుగున సన్నటి ఆకుపచ్చ పురుగును ముట్టుకుంటే గిలగిలలాడి దారంతో వేలాడుతుందా? అది డైమండ్ రెక్కల పురుగు. చేత్తో ఏరడం మంచిదే, కానీ అన్నీ దొరకవు. పక్క కుండీల్లో ముందుగా ఆవాలు చల్లితే దాని తల్లి పురుగులు గుడ్లు పెట్టడానికి చాలా వరకు అటు వెళ్తాయి. పురుగు చిన్నగా ఉన్నప్పుడే బీటీ (పురుగును చంపే బ్యాక్టీరియాతో చేసిన) మందు సాయంత్రం పూట ఆకు అడుగు తడిసేలా కొట్టాలి. పేనుబంక అయితే నీటి ధారతో కడిగి, వేపనూనె కొట్టండి.

ఆకులే తప్ప గడ్డ లేదు

ఎక్కువ మందిని నిరాశపరిచేది ఇదే. డిసెంబరులో విత్తితే గడ్డ కట్టే వేళకు మార్చి ఎండ వచ్చేస్తుంది. సెప్టెంబరు చివర్లో నారు పోసి, నాలుగైదు వారాల నారును నవంబరు మొదట్లో నాటాలి. డ్రమ్‌హెడ్ వంటి ఆలస్యపు రకాలకు దీర్ఘమైన చలి కావాలి, ఇక్కడ అది దొరకదు. నాటిన 60-65 రోజుల్లో వచ్చే గోల్డెన్ ఎకర్, లేదా వేడిని తట్టుకునే సంకర రకం నయం. తేదీ, రకం సరిగ్గానే ఉంటే ఎండ ఆరు గంటలకు తగ్గుతోందా, కుండీ వెడల్పు పన్నెండు అంగుళాల కన్నా తక్కువా, నత్రజని ఎక్కువై ఆకు మాత్రమే పెరుగుతోందా చూడండి. ముదిరిన నారు నాటితే గుప్పెడంత గడ్డే కడుతుంది.

కాంక్రీటు వేడి కుండీలోకి పాకకుండా కింద ఇటుకలు, పైన ఎండుటాకులు వేయండి. మార్చి వచ్చేసరికి గడ్డ ఆనవాలు లేకపోతే ఇక ఎదురుచూడకండి. లేత ఆకులు కోసి పెసరపప్పుతో వేపుడు చేసుకోండి. ఎంవీపీ కాలనీ రైతుబజారు గడ్డల పరిమాణంతో మాత్రం పోల్చుకోవద్దు.

గడ్డ పగిలింది

ఎండబెట్టి ఒక్కసారిగా నీళ్లు పోస్తే, బిగిసిన గడ్డ లోపలి నుంచి ఉబ్బి పగులుతుంది. నీరు రోజూ కొద్దికొద్దిగా ఇవ్వండి. కోతకు సిద్ధమైన గడ్డను నాలుగు రోజులు ఆపాలంటే, మొక్కను మొదలు దగ్గర పట్టుకుని మెల్లగా సగం మలుపు తిప్పండి. కొన్ని వేళ్లు తెగి నీరు తక్కువగా పీలుస్తుంది. పగిలినది అదే రోజు వండేయండి, పగులులో కుళ్ళు త్వరగా పడుతుంది.