దారిలో దొరికిన కుక్కపిల్లకు తగిన ఇల్లు వెతకడం

అప్పుడే పాలు మరచిన పిల్ల ఫొటో పెడితే సాయంత్రానికల్లా ఫోను మోగుతూనే ఉంటుంది. అదే పిల్లకు అయిదు నెలలు నిండి, కాళ్లు పొడుగై, కనిపించిన చెప్పునల్లా కొరికే వయసు వచ్చాక అడిగేవాళ్లు తగ్గిపోతారు. నా దగ్గరికి చేరేవి ఎక్కువగా ఈ వయసువే. ఇల్లు కుదరడం ఆలస్యమవుతుందని తెలిసినా, మొదట ఫోను చేసినవాళ్లకే పిల్లను ఇచ్చేయవద్దని అందరికీ చెబుతాను. కుక్క పదేళ్ల నుంచి పదిహేనేళ్ల దాకా బతుకుతుంది. అన్నేళ్లు ఉండాల్సిన ఇంటి కోసం కొన్ని వారాలు ఆగడం ఎక్కువేమీ కాదు. ఆ వారాల్లో చేయాల్సిన పని కూడా చాలానే ఉంది: పిల్ల ఎలాంటిదో తెలుసుకోవాలి, తెలిసినదాన్ని దాచకుండా చెప్పాలి, అదంతా విన్నాక కూడా కావాలన్నవాళ్లలోంచి ఎంచుకోవాలి.

ముందుగా చూడాల్సినవి

దొరికిన పిల్ల ఎవరి ఇంటి నుంచో తప్పిపోయి ఉండవచ్చు. మెడ చుట్టూ పట్టీ ఒరిపిడికి వెంట్రుకలు అరిగాయేమో చూడండి. పశువైద్యుడి దగ్గరికి తీసుకెళ్తే మెడ వెనుక చర్మం కింద మైక్రోచిప్ ఉందేమో స్కానర్‌తో నిమిషంలో చెబుతారు. చిప్‌లోని 15 అంకెల సంఖ్య నమోదై ఉంటే యజమాని వివరాలు దొరికే అవకాశం ఉంది. దొరికిందని ప్రకటన పెట్టేటప్పుడు ఒక గుర్తును మాత్రం బయటపెట్టకండి. పొట్ట మీద మచ్చో, వంకర గోరో ఏదో ఒకటి మీ దగ్గరే ఉంచుకుంటే, మాదేనని వచ్చినవాళ్లు దాన్ని చెప్పగలరో లేదో తెలుస్తుంది.

ఇంట్లో ఇప్పటికే కుక్క ఉంటే కొత్త పిల్లను రెండు వారాలు వేరే గదిలో ఉంచాలి. వాంతులు, రక్త విరేచనాలతో కుక్కపిల్లల ప్రాణం తీయగల పార్వో వైరస్ సోకాక లక్షణాలు బయటపడటానికి సాధారణంగా మూడు నుంచి ఏడు రోజులు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ పడుతుంది. ఆ వైరస్ నేల మీద నెలల తరబడి బతికే ఉంటుంది. మామూలు సబ్బుకు చావదు, నీళ్లలో కలిపిన బ్లీచింగ్ ద్రావణంతో కడగాలి. గిన్నెలు, గుడ్డలు కూడా వేరుగా పెట్టండి.

టీకాల సంగతి తెలియని పిల్లకు ఏదీ వేయనట్టే లెక్కపెట్టుకోవాలి. పార్వోకు, డిస్టెంపర్ అనే మరో ప్రాణాంతక అంటువ్యాధికి టీకాలు ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదలవుతాయి. కొన్ని వారాల ఎడంతో పదహారు వారాలు నిండేదాకా మళ్లీ మళ్లీ వేస్తారు. తల్లి పాల నుంచి వచ్చిన రక్షణ ఒంట్లో ఉన్నంతకాలం టీకా పూర్తిగా పట్టదు, అది ఏ పిల్లలో ఎప్పుడు తగ్గుతుందో చెప్పలేం కాబట్టే ఇన్నిసార్లు. రేబిస్ టీకా సాధారణంగా మూడు నెలలకు. నులిపురుగుల మందు, గోమార్ల మందు బరువును బట్టి వైద్యుడే ఇవ్వాలి. పిల్లను పట్టుకునేటప్పుడు పన్ను గీరుకుపోయినా సరే, సబ్బు నీళ్లతో పదిహేను నిమిషాలు కడిగి వెంటనే డాక్టరును కలవండి. రేబిస్ విషయంలో చిన్న గాయం, పెద్ద గాయం అన్న తేడా లేదు.

వయసు పళ్లలో తెలుస్తుంది. గవ్వ అని మేం పిలుచుకున్న ఆడ కుక్కపిల్ల నోరు తెరిచి చూస్తే ముందు పళ్లు కొత్తవి, వెడల్పుగా ఉన్నాయి, కోరలు మాత్రం ఇంకా సూదుల్లాంటి పాల కోరలే. ముందు పళ్లు నాలుగు నెలల ప్రాంతంలో మారడం మొదలై, కోరలు అయిదారు నెలలకు మారతాయి కనుక దానికి అయిదు నెలలు ఉంటాయని తేలింది. ఏడు నెలలకల్లా మొత్తం 42 పళ్లు వచ్చేస్తాయి. వయసు తెలిస్తే ఎంత ఎత్తు పెరుగుతుందో కూడా కొంత అంచనా వేయవచ్చు. ఇల్లు చూసేటప్పుడు ఆ అంచనా చాలా అవసరం.

పిల్లను చదవడం

నా లెక్కలో మొత్తం పనికి ఇదే ఆయువుపట్టు. వచ్చిన మొదటి రోజుల్లో పిల్ల చూపించేది భయమే తప్ప స్వభావం కాదు. మూలన ముడుచుకుని కూర్చున్నదాన్ని చూసి ఎంత నెమ్మదైనదో అనుకుంటాం. వారం తిరిగేసరికి అదే పిల్ల పరుపు చింపుతుంది. అందుకే కనీసం రెండు వారాలు ఇంట్లో ఉంచుకుని, చూసినది చూసినట్టు ఒక పుస్తకంలో రాసుకోమంటాను.

గవ్వ గురించి నేను రాసుకున్నవి ఇలా ఉంటాయి. చీపురు చేతిలోకి తీసుకుంటే మంచం కిందికి దూరుతుంది, అదే చీపురు నేల మీద పడి ఉంటే పట్టించుకోదు. నిలబడి చేయి చాపితే వెనక్కి తగ్గుతుంది, నేల మీద కూర్చుని అరచేయి వెల్లకిలా పెడితే వచ్చి గడ్డం ఆనిస్తుంది. తిన్నాక ఖాళీ పళ్లేన్ని మూతితో తోసుకుంటూ ఇల్లంతా తిరుగుతుంది. తినేటప్పుడు మనిషి పక్కన నడిస్తే ఊరుకుంటుంది, ఇంకో కుక్క వస్తే బిగుసుకుపోతుంది. ఒంటరిగా గంట ఉంటుంది, ఆ తరువాత తలుపు గీకడం మొదలుపెడుతుంది.

ఇలాంటి వాక్యాలే ఇంటిని ఎంచుతాయి. తలుపు గీకే పిల్లను పొద్దున వెళ్లి రాత్రికి వచ్చే ఇంట్లో పెడితే ఇద్దరికీ నరకం. తిండి దగ్గర ఇంకో కుక్కను ఓర్వలేని పిల్లను మరో కుక్క ఉన్న ఇంటికి ఇస్తే, పళ్లేలు వేర్వేరు గదుల్లో పెట్టే ఓపిక ఆ ఇంట్లో ఉండాలి. చిన్నపిల్లలు, పిల్లులు, మెట్లు, కారు ప్రయాణం, గంట మోగిన శబ్దం, ఒళ్లు దువ్వడం, గోళ్లు పట్టుకోవడం, ఒక్కొక్కదానికి ఎలా స్పందిస్తుందో చూడండి. దేన్నీ బలవంతంగా చేయించవద్దు. చిన్నపిల్లల దగ్గరికి తీసుకెళ్తే మెడపట్టీకి తాడు కట్టి ఉంచి, పిల్ల తానుగా ముందుకు వస్తేనే రానివ్వండి.

ఈలోగా నాలుగు మంచి అలవాట్లు నేర్పగలిగితే ఇల్లు త్వరగా కుదురుతుంది. నిద్ర లేవగానే, తినగానే, ఆడి ఆగగానే బయటికి తీసుకెళ్తే ఇంట్లో తడపడం దానంతటదే తగ్గుతుంది. తడిపినందుకు కొట్టడం, మూతిని నేలకు రాయడం ఎప్పుడూ చేయకండి, మనుషుల ఎదుట పోయకుండా దాక్కోవడం మాత్రమే నేర్చుకుంటుంది. తాడుతో లాగకుండా పది అడుగులు నడిచే పిల్ల, చూడటానికి వచ్చినవాళ్ల మనసు సగం గెలిచినట్టే.

ఫొటో, ప్రకటన

ఫొటో పగటి వెలుగులో, నీడపట్టున, మీరు నేల మీద కూర్చుని పిల్ల కళ్ల ఎత్తులో తీయాలి. పైనుంచి తీస్తే తల పెద్దదిగా, ఒళ్లు చిన్నదిగా కనబడి అసలు ఆకారం తెలియదు. నల్ల పిల్లలకు ఎండలో ముఖం చీకటిగా పడుతుంది, కిటికీ పక్కన కూర్చోబెట్టి పక్క వెలుగులో తీస్తే కళ్లు కనిపిస్తాయి. బోను, గొలుసు, పుండ్లు ఉన్న ఫొటోలు జాలి పుట్టిస్తాయి. జాలితో వచ్చినవాళ్లు జాలి తగ్గాక నిలబడరని నా అనుభవం. నడుస్తూ, మనిషితో ఆడుతూ ఉన్న అర నిమిషం వీడియో ఒకటి తప్పక జోడించండి.

గవ్వ కోసం నేను రాసింది ఇది: “గవ్వ, ఆడ కుక్క, అయిదు నెలలు. గోధుమ రంగు, ఎద మీద తెల్లమచ్చ. మధ్యరకం ఎత్తుకు పెరుగుతుంది. టీకాలు జరుగుతున్నాయి. నెమ్మదిగా పరిచయమవుతుంది, పరిచయమయ్యాక ఒడిలోంచి లేవదు. పగలు ఎవరో ఒకరు ఇంట్లో ఉండాలి. తిండి దగ్గర వేరే కుక్కను ఓర్వదు. చీపురంటే భయం, దానికి కొంత కాలం పడుతుంది. ఇంటి లోపల పెంచేవాళ్లకే ఇస్తాం. ముందు మీతో మాట్లాడతాం, మీ ఇల్లు చూస్తాం.”

చివరి రెండు వాక్యాలు చదివి కొందరు ఫోను చేయరు. వాళ్లు చేయకపోవడమే మంచిది. “ఉచితం” అన్న మాట మాత్రం రాయకండి. పిల్లను తిరిగి అమ్ముకునేవాళ్లను, ఈనించడానికి చూసేవాళ్లను ఆ మాట పిలుస్తుంది. “ఈ వారంలోపు ఇవ్వకపోతే రోడ్డు మీదే” లాంటి బెదిరింపు కూడా వద్దు, ఎంచుకునే సమయాన్ని మీరే పోగొట్టుకుంటారు.

ఫోను చేసినవాళ్లతో

కుక్కలంటే ఇష్టమేనా అని అడిగితే అందరూ ఇష్టమే అంటారు. అందుకే నేను ఇలా అడుగుతాను: పగలు ఇంట్లో ఎవరుంటారు? రాత్రి పిల్ల ఎక్కడ పడుకుంటుంది? ఊరు వెళ్తే ఎవరికి అప్పగిస్తారు? అద్దె ఇల్లయితే యజమాని ఒప్పుకున్నట్టు రాసిచ్చారా? పిల్ల సోఫా కొరికితే ఏం చేస్తారు? ఇంతకుముందు పెంచిన కుక్క ఇప్పుడు ఎక్కడ ఉంది?

ఆ చివరి ప్రశ్నకు వచ్చే జవాబు మిగతా అన్నింటికంటే విలువైనది. ముసలిదై పోయిందని చెబుతూ గొంతు తడబడినవాళ్లకు ఇంకేమీ అడగకుండా ఇవ్వాలనిపిస్తుంది. ఎవరికో ఇచ్చేశాం, ఎక్కడుందో తెలియదు అన్నవాళ్లతో మాట్లాడటం ఆపేయకండి, ఎందుకు ఇవ్వాల్సి వచ్చిందో నిదానంగా వినండి. అయితే పుట్టినరోజుకు ఎవరికో చెప్పకుండా ఇచ్చే కానుకగా కావాలన్నా, గేటు దగ్గర కట్టేయడానికి కావాలన్నా నేను ఇవ్వను. ఇంట్లో ఒక్కరికైనా ఇష్టం లేకపోతే ఇవ్వను. “ఈ పిల్లకు మీ ఇల్లు సరిపోదనిపిస్తోంది” అని మర్యాదగా ఒక్క మాట చెప్పి ఆగండి, కారణాల మీద వాదన పెంచుకోవద్దు. మనల్ని తిరిగి ప్రశ్నలు అడిగేవాళ్లు, ఏం తింటుంది, దేనికి భయపడుతుంది అని రాసుకునేవాళ్లు నాకు చాలా నచ్చుతారు.

ఇంటికి వెళ్లినప్పుడు ఇల్లు పెద్దదా చిన్నదా అన్నది చూడను. గేటు కింద సందు, బాల్కనీ చువ్వల మధ్య ఎడం, గోడ లేని డాబా, తెరిచి ఉంచే వీధి తలుపు, ఇవి చూస్తాను. ఆ ఇంట్లో కుక్క ఉంటే రెండింటినీ మొదట బయట, ఎవరిదీ కాని చోట కలపాలి. ఇద్దరు మనుషులు చెరో తాడు పట్టుకుని ఎడంగా, ఒకే దిక్కుకు కాసేపు నడిస్తే అవి ఒకదాన్నొకటి వాసన పట్టి కుదురుకుంటాయి. అంతా నచ్చినా అదే రోజు ఇచ్చేయకండి. రెండు రోజులు ఆలోచించుకుని చెప్పమనండి.

ఒప్పంద పత్రం చిన్నదే అయినా ఉండాలి. పిల్ల వివరాలు, టీకాల తేదీలు, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ ఎప్పుడు చేయించాలో, ఇంటి లోపలే పెంచుతామన్న మాట, ఇరువైపుల సంతకాలు. అన్నింటికంటే ముఖ్యమైన షరతు ఒకటే: ఏ కారణం చేతనైనా ఉంచుకోలేకపోతే పిల్లను వేరేవాళ్లకు ఇవ్వకుండా తిరిగి నాకే అప్పగించాలి.

పంపే రోజు

పొద్దున పూట పంపితే చీకటి పడేలోపు ఇల్లు కాస్త అలవాటవుతుంది. ఇప్పటిదాకా తింటున్న ఆహారమే వారానికి సరిపడా ఇవ్వండి, మార్చాలనుకుంటే కొద్దికొద్దిగా కలుపుతూ మార్చమనండి. ఒక్కసారిగా మారిస్తే విరేచనాలు పట్టుకుంటాయి. మీ ఇంట్లో పడుకున్న గుడ్డను ఉతకకుండా అలాగే ఇవ్వండి. చాక్లెట్, ద్రాక్ష, ఎండుద్రాక్ష, ఉల్లిపాయ పెట్టకూడదని కాగితం మీద రాసివ్వండి.

మొదటి రోజుల్లో పిల్ల పారిపోయే ప్రమాదం చాలా ఎక్కువ. బెదిరిన పిల్ల వెనక్కి గుంజుకుంటే మెడపట్టీలోంచి తల జారిపోతుంది. అందుకే ఛాతీకి వేసే పట్టీ ఒకటి, మెడపట్టీ ఒకటి, రెండింటికీ వేరే తాళ్లు కట్టమంటాను. ఫోను నంబరు రాసిన బిళ్ల ఇంటి గుమ్మం దాటకముందే మెడలో ఉండాలి. మూడు రోజులు బెదురు, మూడు వారాలు అలవాటు, మూడు నెలలకు ఇది నా ఇల్లన్న నమ్మకం అని కుక్కలు పెంచేవాళ్లు ఒక మోటు లెక్క చెబుతారు. అన్ని పిల్లలూ ఆ లెక్కకు సరిపడవు కానీ, కొత్తవాళ్లకు దీన్ని ముందే చెప్పి ఉంచితే రెండో రాత్రి ఏడుపుకు కంగారుపడరు.

మరునాడు ఒకసారి, వారానికి ఒకసారి, నెలకు ఒకసారి ఫోను చేయండి. విచారణలా కాకుండా, “చీపురు సంగతి ఎంతవరకు వచ్చింది” లాంటి ప్రశ్నతో మొదలుపెడితే మాట సాగుతుంది. తిరిగి ఇచ్చేస్తామంటే నిందించకుండా తెచ్చేసుకోండి. నిందిస్తారన్న భయం ఉన్నచోటే పిల్లలు గుట్టుగా చేతులు మారతాయి. అక్కడ పిల్ల ఎలా ఉందో అడిగి తెలుసుకుని, ప్రకటనలో ఆ వాక్యాన్ని చేర్చండి.

పిల్ల కుదురుకుందని తేలాక ప్రకటన తీసేసి, అడిగి కూడా దక్కనివాళ్లకు ఫోను చేయండి. గవ్వకు సరిపోకపోయినా వాళ్లలో మంచి ఇళ్లు ఉంటాయి. వాళ్ల అనుమతి తీసుకుని, ఏ తరహా పిల్లయితే సరిపోతుందో రాసి, మీలాగే పిల్లలను కాపాడుతున్నవాళ్లకు ఆ పేర్లు పంపండి.