జర్మన్ జానపద పాట రాయడం ఎలా?

జానపదమంటే ఎవరో తెలియని జనం కట్టుకున్నది కదా, దాన్ని పనిగట్టుకుని కూర్చుని రాయడమేంటి అని మీకు అనిపించొచ్చు. జర్మన్‌లో వీటిని ఫోల్క్స్‌లీడ్ అంటారు, 1773లో ఆ మాటను వాడుకలోకి తెచ్చింది హెర్డర్ అనే రచయిత. కానీ అక్కడ తరతరాలుగా పాడుతున్న పాటల్లో చాలావాటికి కవెవరో, బాణీ ఎవరిదో తెలుసు. రైన్ నది ఒడ్డున కొండ మీద కూర్చుని జుట్టు దువ్వుకునే లోరెలై పాట 1824లో హైనె అనే కవి అచ్చు వేయించినది, 1837లో ఫ్రీడ్రిష్ జిల్షర్ దానికి బాణీ కట్టాడు, ఆ తర్వాత జనం అది తమ తాతల నాటిదే అన్నంత సొంతంగా పాడుకున్నారు. కాబట్టి రాయొచ్చు, రాసి జనంలో కలిపేయొచ్చు.

1780లలో షుల్ట్స్ అనే సంగీతకర్త ఈ పాటలకు ఉండాల్సిన గుణాన్ని "షైన్ డెస్ బెకాంటెన్" అన్నాడు, అంటే మొదటిసారి వింటున్నా ఎప్పుడో విన్నట్టే అనిపించడం. నాకు తెలిసి ఈ పనికి ఇంతకంటే మంచి కొలబద్ద లేదు.

ముందుగా ఒక వస్తువును ఎంచుకోండి. ప్రేమ, దుఃఖం, దేశభక్తి వద్దు, కంటికి కనిపించేది కావాలి: బావి, పిండిమర, లిండె చెట్టు, కిటికీలో దీపం. దాని దగ్గర ఒక మనిషిని నిలబెట్టండి, ఆ మనిషి ఊరు విడిచి వెళ్తూనో, ఎవరికోసమో ఎదురుచూస్తూనో ఉండాలి. జర్మన్ పాటల్లో ఇన్ని వీడ్కోళ్లు ఉండటానికి కారణం ఉంది, పని నేర్చుకున్న వడ్రంగులు, తాపీవాళ్లు సొంతూరు వదిలి ఏళ్ల తరబడి ఊరూరా తిరిగి పనిచేసేవారు. ఇప్పటికీ కొందరు నల్ల బట్టలు వేసుకుని మూడేళ్ల మీద ఒక్క రోజు పాటు అలా తిరుగుతారు.

ఇక నడక. మనవాళ్లు తడబడేది ఇక్కడే, ఎందుకంటే మన చెవి లఘువులూ గురువులూ మాత్రలూ లెక్కపెడుతుంది, జర్మన్ చెవి మాత్రం ఊనిక, అంటే నొక్కి పలికే బరువు, ఎక్కడ పడింది అని మాత్రమే చూస్తుంది. నాలుగు పాదాలు తీసుకోండి, పాదానికి మూడు ఊనికలు, ఊనికకీ ఊనికకీ మధ్య ఒక తేలిక అక్షరం. నేను రాసుకున్న చరణం చూడండి:

ఎస్ ష్టేట్ ఐన్ హౌస్ అమ్ బఖె,
డీ లంపె బ్రెంట్ నొఖ్ ష్పేట్,
డీ ముటర్ హెల్ట్ నొఖ్ వఖె,
డేర్ విండ్ ఫొమ్ బెర్గె వేట్.

వాగు పక్కన ఒక ఇల్లు ఉంది, ఇంత పొద్దుపోయినా దీపం వెలుగుతోంది, అమ్మ ఇంకా మేలుకునే ఉంది, కొండ మీంచి గాలి వీస్తోంది. ఇంతే అర్థం. మొదటి పాదంలో ష్టేట్, హౌస్, బఖెలోని 'బ', ఈ మూడింటి మీదే బరువు. ఒకటి, మూడు పాదాలు తేలిక అక్షరంతో జారిపోతాయి, రెండు, నాలుగు బరువు మీద ఆగుతాయి. మన ప్రాస పాదంలో రెండో అక్షరానిది, వాళ్లది పాదం చివరిది, కాబట్టి బఖెకి వఖె, ష్పేట్‌కి వేట్ కలిశాయి. నిజానికి ష్పేట్, వేట్‌లలో అచ్చు కొంచెం తేడాగా పలుకుతారు, అయినా జనం పాటలో అది చెల్లిపోతుంది.

మొదట నేను "అమ్ బఖ్" అనే రాశాను, రోజూ మాట్లాడే జర్మన్ అదే. పాడి చూస్తే పాదం ఠక్కున తెగిపోయింది. చివర పాతకాలపు విభక్తి 'ఎ' చేరిస్తే జారుడు వచ్చింది, ప్రాసా కుదిరింది, పాటకు కాస్త వయసూ వచ్చింది. ఈ చిన్న 'ఎ'ని పెట్టడం, తీసేయడం బాగా సాధన చేయండి. హెర్ట్స్‌కి ష్మెర్ట్స్ ప్రాస మాత్రం వేయకండి. గుండెకి నొప్పిని కలిపిన ఆ జోడీ ఎంత అరిగిపోయిందంటే వినేవాళ్లు అక్కడ పాట వినడమే మానేస్తారు.

తర్వాతి చరణాల్లో కథను ఒక్కో అడుగే కదపండి, ఒక సంగతి చెప్పకుండా వదిలేయండి. నా రెండో చరణంలో దారి మీద మంచు పడుతుంది, మూడో దాంట్లో దీపం ఆరిపోయి ఉంటుంది, తలుపు మాత్రం తీసే ఉంటుంది. అమ్మ ఎవరికోసం చూసిందో, వాళ్లు వచ్చారో లేదో నేను చెప్పలేదు. చెప్పేసి చూశాను, పాట చప్పబడిపోయింది.

బాణీ సంగతి. అన్ని చరణాలకూ ఒకటే బాణీ, ఒక స్థాయి దాటకూడదు, ఎందుకంటే దీన్ని పాడేది గాయకులు కాదు, వంటింట్లో పిన్నిగారూ నడకకు వెళ్లిన పిల్లలూ. గిటార్ మీద జీ, సీ, డీ, మూడు కార్డ్‌లు చాలు. మాట తేలిక అక్షరంతో మొదలవుతోంది కాబట్టి బాణీ కూడా దెబ్బకు ముందే ఎత్తుకోవాలి, మన కచేరీ భాషలో చెప్పాలంటే అతీత ఎడుపు. ఇది మర్చిపోతే ఊనిక 'ఎస్' మీద పడి మాట వికారంగా వినిపిస్తుంది.

ఆఖరి పని, కాగితం ఇవ్వకుండా పదిమందికి పాడి వినిపించడం. మూడో చరణానికి వాళ్లు కూనిరాగం తీయకపోతే బాణీ మార్చాల్సిందే. తీస్తుంటే ఎక్కడ మీ మాట వదిలేసి తమ మాట పాడుతున్నారో జాగ్రత్తగా వినండి. నోళ్లలో నానుతూ పాట మారిపోవడాన్ని జర్మన్‌లో ట్సెర్‌జింగెన్ అంటారు, ఇలా మారిన పాఠాలను సేకరించడానికి ఫ్రైబుర్గ్‌లో 1914లో ఏకంగా ఒక భాండాగారమే పెట్టారు. నేను వారం వారం పాడే బృందంలో నా పాట పాడించినప్పుడు మూడో పాదంలో 'నొఖ్' ఎవరికీ గుర్తు లేదు, అందరూ "డీ ముటర్ హెల్ట్ డీ వఖె" అనే అన్నారు. రెండు పాదాల్లో వరసగా 'నొఖ్' వస్తోందని నాకు అప్పుడే తెలిసింది. ఇంటికొచ్చి నాది కొట్టేసి వాళ్లది రాసుకున్నాను.